సర్కారీ కెమెరా, సర్కారీ పగులు

చింతలంక కాలవగట్ల పరిరక్షణ కార్యాలయంలో టైపిస్టు నూకరత్నం హెల్మెట్ పెట్టుకుని టైపు చేస్తుంది. ఆవిడకి బండి నడపడం రాదు. హెల్మెట్ వాళ్ళాయనది. ఆయన బండి అమ్మేసి ఏడాదైంది, హెల్మెట్ మాత్రం పెళ్ళాం కోసం అట్టేపెట్టాడు.

కారణం ఏమిటంటే, సరిగ్గా ఆవిడ కుర్చీ పైన స్లాబు పగిలి నాలుగేళ్ళయింది. ఫ్యాను కొక్కెం దగ్గర పుట్టిన పగులు వంకర్లు తిరుగుతూ ట్యూబులైటు దాకా వచ్చి అక్కడ రెండు పాయలుగా చీలింది. వానాకాలంలో అందులోంచి నీళ్ళు కారతాయి, మిగతా కాలాల్లో పెచ్చులు రాలతాయి. కిందటేడు అరచెయ్యంత పెచ్చొకటి సరాసరి వచ్చి ఆవిడ టీ గ్లాసులో పడింది.

"నా నెత్తిన పడుంటే ఏమయ్యేదాన్నండీ?" అని ఆవిడ గోలపెడితే, సూపరింటెండెంటు సర్వేశ్వర్రావుగారు గడియారం చూసి, "టీ టైము పదకొండు కదమ్మా. ఇప్పుడు పదిన్నర. పెచ్చు తప్పేం లేదు" అన్నారు.

పోనీ కుర్చీ పక్కకి జరుపుకుందామంటే, ఎవరెక్కడ కూర్చోవాలో ప్రధాన కార్యాలయం పటం గీసి పంపింది. ఆ పటంలో టైపిస్టు చోటు అదే. నూకరత్నం రిటైరవడానికి ఇంకా ఇరవై రెండు నెలలుంది. అన్నాళ్ళూ తలకాయని భుజాల మీద ఉంచుకుని, చివరి రోజున దాంతో సహా ఇంటికెళ్ళాలన్నది తప్ప ఆవిడకి ఈ ప్రభుత్వం నుంచి వేరే కోరిక లేదు.

పగులు పుట్టిన ఏడే మరమ్మత్తు కోసం అర్జీ పెట్టింది. ఏ మరమ్మత్తుకైనా పనికి ముందొక ఫోటో, పని తర్వాత ఒక ఫోటో జతపరచాలని శాఖ నిబంధన. నూకరత్నం తన సెల్‌ఫోన్‌తో పగులుని చక్కగా తీసి పంపించింది. రెండు నెలలకి జవాబొచ్చింది. "సదరు పగులు ప్రైవేటు వ్యక్తి ఫోనులో కనబడుచున్నందున దానిని ప్రభుత్వ పగులుగా గుర్తించుట సాధ్యపడదు. ప్రభుత్వ పగులును ప్రభుత్వ కెమెరాతోనే తీయవలెను."

ఆఫీసుకి కెమెరా లేదు. కెమెరా కోసం ఇంకో ఫైలు నడిచింది. మూడేళ్ళు నడిచి నడిచి, చివరికి ఒక సోమవారం పొద్దున్న నల్లటి పెట్టెలో కొత్త డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా దిగింది. నూకరత్నానికి నెత్తిన పాలు పోసినట్టయింది.

డివిజనల్ అధికారి ఆనందభూషణంగారు తన గదిలో బల్ల మీద పట్టుగుడ్డ పరిపించి దాన్ని కూర్చోబెట్టారు. ఆఫీసంతా చుట్టూ మూగింది. సర్వేశ్వర్రావుగారికి భక్తి పొంగుకొచ్చింది. కొత్త జీపొచ్చినప్పుడు అద్దానికి బొట్టు పెట్టిన చెయ్యి ఊరుకుంటుందా? గంధంలో కుంకం కలిపి, మూత తీసున్న లెన్సు నడిబొడ్డున పెద్ద బొట్టు దిద్దేశారు.

"అయ్యబాబోయ్! అద్దమ్మీద కాదండీ!" అని వెనకనుంచి కేకేశాడు ఏసుపాదం.

ఏసుపాదం రికార్డు అసిస్టెంటు. యాభయ్యేళ్ళ మనిషి. ఆదివారాలూ సెలవురోజులూ పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తాడు. చింతలంకలో సగం మంది ఆలుమగలు మెడలు వంచి సిగ్గుపడింది అతని కెమెరా ముందే. ఆఫీసులో కెమెరా గురించి తెలిసినవాడు అతనొక్కడే. కాకపోతే ఆఫీసులో అతనికన్నా తక్కువ కేడరు వాచ్‌మన్ ఒక్కడికే ఉంది కాబట్టి, అతనికి తెలిసింది ఎవరికీ అక్కర్లేదు. బొట్టు తుడవడానికి మాత్రం అనుమతించారు.

తుడవడం అయిందో లేదో నూకరత్నం ముందుకొచ్చింది. "అయ్యగారూ, ఒక్క నిమిషం పనండి. పక్క గదిలోకొచ్చి కెమెరా పైకెత్తి ఒక్క నొక్కు నొక్కించండి. నా పగులు తీసేసుకుంటే మిమ్మల్ని మళ్ళీ అడగను."

ఆనందభూషణంగారు జాలిగా నవ్వారు. "నూకరత్నం, నువ్వు ఉద్యోగంలో చేరగానే పర్మనెంటయ్యావా?"

"లేదండి. రెండేళ్ళు ప్రొబేషనండి."

"మరి కెమెరా మాత్రం పెట్టెలోంచి లేచి నేరుగా విధుల్లో చేరిపోతుందా? ముందు ట్రయల్ జరగాలి. ట్రయల్లో తీసే ఫోటో అధికారిక విషయం కాకూడదు. నీ పగులు అధికారిక విషయం. ట్రయల్లో దాన్ని తీస్తే, పరీక్ష పూర్తికాని కెమెరాతో ప్రభుత్వ విధి నిర్వర్తించినట్టవుతుంది. నా ఉద్యోగం పోతుంది."

ఆవిడ మళ్ళీ హెల్మెట్ తగిలించుకుని తన సీట్లోకి పోయింది.

ట్రయల్ కమిటీ పడింది. అధ్యక్షులు ఆనందభూషణంగారు, కన్వీనరు సర్వేశ్వర్రావుగారు, సభ్యులు ఎకౌంటెంటు భీమశంకరంగారు, సీనియర్ అసిస్టెంటు మంగాచారిగారు. మొదటి ట్రయల్‌గా కమిటీ తన గ్రూపు ఫోటో తానే తీయించుకోవాలని తీర్మానించింది. కిటికీ వెలుతురు బాగుంటుందని నూకరత్నం గదిలోనే కుర్చీలు వేశారు. నలుగురూ కెమెరాకి ఎదురుగా కూర్చుని, సన్మానానికి వచ్చినట్టు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. నొక్కడానికి వేరే మనిషి లేక ఏసుపాదాన్ని పిలిచారు. "కన్వీనరుగారి పర్యవేక్షణలో నొక్కబడినది" అని ముందే మినిట్స్‌లో రాసుకున్నారు.

"సార్, కొంచెం ఆగండి, ఫోకస్..." అంటున్నాడు ఏసుపాదం.

"నొక్కమన్నప్పుడు నొక్కు" అన్నారు సర్వేశ్వర్రావుగారు. నొక్కాడు.

కెమెరా వెనకున్న చిన్న తెరలో ఫోటో వెలిగింది. అందరూ వంగి చూశారు. వెనకాల తన సీట్లో కూర్చుని టైపు చేసుకుంటున్న నూకరత్నం హెల్మెట్ తళతళా మెరుస్తోంది. ఆవిడ నెత్తిమీద పగులు ఫ్యాను కొక్కెం నుంచి ట్యూబులైటు దాకా, రెండు పాయలతో సహా, పెచ్చు లేచిన చోట బయటపడ్డ తుప్పు చువ్వతో సహా, అచ్చు గుద్దినట్టు పడింది. ముందు వరసలో కమిటీ నలుగురూ మాత్రం ఆవిరి పట్టిన అద్దంలో మనుషుల్లా ఉన్నారు.

నూకరత్నం పరుగెత్తుకొచ్చి చూసింది. "ఇదేనండీ! ఇదే నా ఫోటో! దీన్నే అంటించి పంపెయ్యండి, మీకు దణ్ణం పెడతాను!"

ఆనందభూషణంగారి మొహం జేవురించింది. "నేనేడీ ఇందులో?"

"కుడిపక్క తెల్లగా ఉన్నది తమరేనండి" అన్నారు సర్వేశ్వర్రావుగారు.

"డివిజనల్ అధికారి మసగ్గా, టైపిస్టు స్పష్టంగానా? ఇది పై ఆఫీసు చూస్తే ఏమనుకుంటుంది? ఈ డివిజన్ని నడిపేది ఆ హెల్మెట్ అనుకోదూ? తీసెయ్!"

"అయ్యగారూ, నాలుగేళ్ళనించీ..." అని నూకరత్నం అంటూనే ఉంది, సర్వేశ్వర్రావుగారు బొమ్మ మీద ఎర్రగా ఉన్న గుర్తేదో నొక్కించేశారు. ఫోటో మాయమైంది. ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. హెల్మెట్ అద్దం దించుకుంది, ఎవరూ చూడకుండా.

"అసలిలా ఎందుకు జరిగింది?" అని విచారణ మొదలైంది. ఏసుపాదం చెప్పాడు. ఈ కెమెరా ఒక దూరంలో ఉన్నదాన్ని పట్టుకుని దాన్ని స్పష్టంగా తీస్తుంది, ముందూ వెనకా ఉన్నవి మసకేస్తాయి. అంతా స్పష్టంగా రావాలంటే ఇదిగో ఈ అంకె పెంచితే చాలు.

"అంతా అంటే?" అన్నారు ఆనందభూషణంగారు.

"అందరూనండి. మీరూ, నేనూ, వాచ్‌మన్ సత్తిబాబూ, అందరం ఒక్కలాగే పడతామండి."

ఎకౌంటెంటు భీమశంకరంగారు చిన్నగా దగ్గారు.

"నువ్వూ నేనూ ఒకే స్పష్టతా?" అన్నారు ఆనందభూషణంగారు నెమ్మదిగా. "మరి కేడరు ఎందుకున్నట్టు? సర్వీసు రూల్సు ఎందుకున్నట్టు?"

మర్నాడు 'స్పష్టతా క్రమం' అనే ఉత్తర్వు వెలువడింది. టైపు చేసింది నూకరత్నమే. ఒకటి, డివిజనల్ అధికారి సంపూర్ణ స్పష్టతకు అర్హులు. రెండు, మిగతా సిబ్బంది హోదా తగ్గినకొద్దీ స్పష్టత తగ్గుచు పోవలెను. మూడు, వాచ్‌మన్ మనిషియని గుర్తుపట్టునంత స్పష్టత సరిపోవును. నాలుగు, గోడలు, కిటికీలు, పైకప్పు మొదలగు ప్రాణము లేని వస్తువులకు హోదా లేనందున వాటికి స్పష్టత ఇవ్వరాదు.

నాలుగో అంశం టైపు చేస్తున్నప్పుడు నూకరత్నం వేళ్ళు ఆగిపోయాయి. తన పగులికి తన చేత్తోనే ఉరి బిగిస్తున్నట్టనిపించింది. పైనుంచి చిన్న పెచ్చొకటి వచ్చి హెల్మెట్ మీద టక్కుమంది. ఆవిడ మళ్ళీ టైపు మొదలుపెట్టింది.

రెండో ట్రయల్ వరండాలో. టేపు తెచ్చి కొలిచారు. అధికారి కెమెరాకి ఆరడుగుల్లో. సూపరింటెండెంటు ఆయనకి మూడడుగుల వెనక, కాస్త పక్కగా. అక్కణ్ణించి హోదాకి ఇన్నడుగుల చొప్పున వెనక్కి. అంతా సాఫీగా సాగేదే గానీ, మంగాచారిగారు తన కనుబొమ్మలు భీమశంకరంగారి కనుబొమ్మల కన్నా మసగ్గా పడ్డాయని అప్పీలు చేశారు. ఇద్దరూ ఒకే రోజున ఉద్యోగంలో చేరారు. భీమశంకరంగారు పొద్దున్న చేరారు, మంగాచారిగారు మధ్యాహ్నం చేరారు.

"భోజనం చేసి చేరానండి, అంతే గదా! అన్నం తిన్నంత మాత్రాన మసకబారిపోవాలా?" అని మంగాచారిగారు వాపోయారు.

కమిటీ పదకొండు రోజులు ఆలోచించి భీమశంకరంగారికి ఆరంగుళాల ఆధిక్యం ఖాయం చేసింది. ఈలోగా వానలు పట్టుకున్నాయి. నూకరత్నం హెల్మెట్ మీద గొడుగు కూడా వేసుకుంది. పగులు వేలు పట్టేంత అయింది. "అయ్యా, ఇంక ఆగదండీ అది" అని ఆవిడ చెప్తే, "కెమెరా కూడా ఆగడం లేదమ్మా, శరవేగంగా పరీక్షింపబడుతోంది" అన్నారు సర్వేశ్వర్రావుగారు.

చివరి ట్రయల్ గురువారం పొద్దున్న. మొత్తం సిబ్బంది వరండా మెట్ల నుంచి వెనక్కి వరస కట్టారు. టైపిస్టు కేడరుకి లెక్కేస్తే చోటు గేటు పక్క జామచెట్టు దగ్గరకొచ్చింది. సత్తిబాబు చోటు కొలుచుకుంటూ పోతే టేపు రోడ్డు దాటి, కాలవ దాటి, అవతలి గట్టు మీద టీకొట్టు దగ్గర తేలింది. అతను అక్కడ టీ తాగుతూ మనిషిలా నిలబడ్డాడు. ఫోటోలో శిరస్త్రాణాలు ఉండరాదని నూకరత్నం చేత హెల్మెట్ తీయించారు.

ఏసుపాదం నొక్కాడు. అదే క్షణాన దభేలుమని భూమి అదిరే శబ్దం వినిపించింది.

ఆనందభూషణంగారు ఉలిక్కిపడ్డారు. "అంత చప్పుడేమిటి?"

"కొత్త మోడల్ కదండీ" అన్నారు సర్వేశ్వర్రావుగారు.

అప్పుడు కిటికీలోంచి దుమ్ము బయటికి రావడం మొదలైంది. లోపలికెళ్ళి చూస్తే టైపిస్టు గది కప్పు మొత్తం కింద ఉంది. నూకరత్నం బల్ల రెండు ముక్కలైంది. కుర్చీ ఉన్న చోట ఫ్యాను రెక్క నిలువునా దిగబడి ఉంది. పైన మబ్బులు కనిపిస్తున్నాయి. ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. బతికాను దేవుడా అనుకుంది. ఏడుపూ నవ్వూ కలిసి ఒకేసారి తన్నుకొచ్చాయి.

ఆనందభూషణంగారు పైకి చూసి, తృప్తిగా తలాడించారు. "ఇక పగులు లేదు కాబట్టి నీ అర్జీ పరిష్కారమైనట్టేనమ్మా."

అయితే ప్రధాన కార్యాలయం అంత తేలిగ్గా వదలదు. కెమెరా ట్రయల్ నెగ్గింది కదా అని దాంతో బొక్క ఫోటో తీసి పంపితే, వారంలో జవాబొచ్చింది. "జతపరచిన ఫోటోలో ఆకాశము కనబడుచున్నది. ఆకాశము ఈ శాఖ పరిధిలోనిది కాదు. అర్జీ పగులు గురించి యున్నది. కావున సదరు పైకప్పును కూలుటకు పూర్వమున్న స్థితికి, పగులుతో సహా, తెచ్చి, పనికి ముందు ఫోటో తీసి పంపవలెను. పగులు పునఃస్థాపన మరమ్మత్తు క్రిందకు రాదు గనుక దానికి ముందు ఫోటో అవసరము లేదు. వెంటనే చేయవలెను."

వెంటనే చేశారు. తాపీమేస్త్రి కొండయ్యని పిలిపించారు. కొండయ్య ఉత్తర్వు రెండుసార్లు చదివించుకుని విన్నాడు.

"నలబయ్యేళ్ళబట్టి తాపీ పట్టుకున్నానండి. పగులు పూడ్చమన్నోళ్ళేగానీ పెట్టమన్నోళ్ళని ఇదే చూడ్డవండి, ఆయ్" అన్నాడు. "ఎలాటి పగులు కావాలండీ?"

అందరూ నూకరత్నం వైపు చూశారు. నాలుగేళ్ళు దాని కింద కూర్చున్న మనిషి. సొంత అరచేతి గీతలన్నా మర్చిపోతుందిగానీ ఆ పగులుని మర్చిపోదు. "కొక్కెం దగ్గర పుట్టాలి మేస్త్రిగారూ. అక్కడ మూడువేళ్ళ వెడల్పు పెచ్చు. ఇక్కడ ఎడమకి తిరిగి... కాదు, ఇంకొంచెం ఎడమకి. ట్యూబులైటు దగ్గర రెండు పాయలు." నిలబడి చెప్తుంటే ఆవిడకే నవ్వొచ్చింది.

కొండయ్య మాత్రం పనివాడు. కొత్త చువ్వలు కట్టి, కంకర సరిగ్గా కలిపి, ఇరవై ఒక్క రోజులు నీళ్ళు పెట్టి స్లాబు వేశాడు. పగులు మాత్రం పైపూతలో తాపీ మొనతో గీశాడు. దిగుతూ దిగుతూ ఆవిడ చెవిలో, "బెంగెట్టుకోకండమ్మా. గీత పైపైనే. లోపల స్లాబు ఏనుగెక్కి గెంతినా కదల్దండి" అన్నాడు.

ఏడాది దాటాక మొదటిసారి నూకరత్నం తన సీట్లో హెల్మెట్ లేకుండా కూర్చుంది. నెత్తికి గాలి తగులుతుంటే ఎంత హాయిగా ఉందో! ఆ హాయి సాయంత్రం దాకా కూడా నిలవలేదు. సర్వేశ్వర్రావుగారు పాత అంచనా ఫైలు పట్టుకొచ్చారు.

"ఇంక ఫోటో పంపడమే తరవాయమ్మా. మంజూరైపోతుంది. పగిలిన కప్పు మొత్తం కూల్చి రేకులు వేయడం."

"కూల్చడమా? కొత్తది కదండీ! రాయిలా ఉంది కదండీ!"

"కూల్చేటప్పుడు కూడా సిబ్బంది ఎవరి సీట్లలో వాళ్ళుండి విధులు నిర్వర్తించాలని రాసుంది చూడమ్మా."

ఆవిడ గబగబా అధికారి గదికి వెళ్ళింది. కప్పు గట్టిగా ఉందని చెప్పింది. మేస్త్రి మాట చెప్పింది. పైకెక్కి గెంతి చూపిస్తానంది. ఆనందభూషణంగారు ఓపిగ్గా విన్నారు.

"గట్టిదనం ఫోటోలో కనబడదు నూకరత్నం. పగులే కనబడుతుంది. కనబడినదాని మీదే శాఖ చర్య తీసుకుంటుంది."

ఆవిడ తన సీట్లోకి వచ్చింది. టీ వచ్చింది, చల్లారింది. పైకి చూసింది. కొండయ్య గీసిన గీత చూసింది. కనబడినదాని మీదే కదా చర్య? చటుక్కున లేచి, బీరువాలోంచి ఒక కాగితం తీసింది.

మర్నాడు కెమెరా మూడుకాళ్ళ స్టాండెక్కింది. ఆనందభూషణంగారు గుమ్మం దగ్గరే నిలబడి, "ఏసుపాదం, ఆ కప్పొక్కటీ ఫోటో తీసెయ్" అన్నారు.

"అయ్యగారూ" అంది నూకరత్నం, చేతిలో కాగితంతో, నోట్లో వేలు పెట్టినా కొరకనంత అమాయకంగా. "తమరు లేకుండానా? స్పష్టతా క్రమం నాలుగో అంశం. ప్రాణం లేనివాటికి స్పష్టత ఇవ్వకూడదని తమరే సంతకం పెట్టారండి. ఇప్పుడా పగులొక్కటే తళతళలాడుతూ పై ఆఫీసుకెళ్తే, ఈ డివిజన్లో పగులికున్న హోదా తమరికి లేదా అనుకోరూ?"

ఆనందభూషణంగారి చెయ్యి తనంతట తనే మీసం మీదికి పోయింది. "నిజమే సుమా" అన్నారు. వచ్చి పగులు కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

ఏసుపాదం కెమెరా మీద వంగి, కంటి కొసనుంచి ఆవిడ వైపు చూశాడు. "కప్పు మసగ్గా అంటే, ఎంత మసగ్గానండి రత్నంగారూ?"

"రూలెంతంటే అంత. నువ్వు రూలు తప్పకు ఏసుపాదం."

అతను అంకె ఏదో తిప్పి నొక్కాడు. ఆనందభూషణంగారి మీసంలో ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు. పైన కప్పంతా విరిగిన పాలలా తెల్లగా అలుక్కుపోయి ఉంది. "భేష్! కెమెరా అంటే ఇదీ!" అన్నారు ఆయన.

మూడు వారాలకి ప్రధాన కార్యాలయం జవాబు వచ్చింది. సర్వేశ్వర్రావుగారు దాన్ని పైకి చదివారు. "ఫోటోలో అధికారివారు తృప్తికరముగా నున్నారు. పగులు ఎచ్చటను కనబడుట లేదు. కావున మరమ్మత్తు అవసరము లేదని నిర్ణయించి ఫైలు శాశ్వతముగా మూసివేయడమైనది. లేని పగులుపై నాలుగేండ్లుగా అర్జీలు పెట్టి శాఖ కాలమును వృథా చేసిన టైపిస్టుకు సంజాయిషీ మెమో జారీ చేయవలెను."

ఆఫీసులో టైపిస్టు ఒక్కరే. మెమో టైపు చేయవలసింది కూడా ఆవిడే. నూకరత్నం కాగితం అందుకుని తన సీట్లో కూర్చుంది. కొత్త బల్ల మీద హెల్మెట్ బోర్లించి ఉంది. దాని మీద కళ్ళజోడు గుడ్డ ఆరేసుకుంది. 'లేని పగులుపై' అన్న చోట ఒక్క తప్పు లేకుండా మెమో టైపు చేసింది. మూడు కాపీలు తీసింది. అధికారి సంతకం తెచ్చుకుంది. ఒక కాపీ తనకి తానే అందించుకుని, అందినట్టు తారీకు వేసి సంతకం పెట్టింది.

అంతసేపట్లో ఆవిడ ఒక్కసారి కూడా తలెత్తి పైకి చూడలేదు.